తాతల నాటి ఆకుపసరుకు శాస్త్ర పరీక్ష: గాయాలను మాన్పడంలో థాయ్ మూలికల సత్తా ఎంత?

మధుమేహం ఉన్న వ్యక్తి కాలి వేలిని చెప్పు కరుస్తుంది. స్పర్శ తగ్గిన పాదానికి ఆ నొప్పి తెలియదు. వారం తిరిగేసరికి పుండు లోతవుతుంది, చీము పడుతుంది. ఆస్పత్రికి చేరే నాటికి వేలు తీసివేయడమా, పాదమే తీసివేయడమా అన్న చర్చ మొదలవుతుంది. మధుమేహం బారిన పడినవారిలో 19 నుంచి 34 శాతం మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు పాదంపై పుండు ఏర్పడే ముప్పు ఉన్నదని వైద్య పరిశోధకుల అంచనా. మన దేశంలో మధుమేహ బాధితుల సంఖ్య 10.1 కోట్లని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో ప్రకటించింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మానని పుండు ఎంత పెద్ద సమస్యో బోధపడుతుంది.

దీనికి మరో చిక్కు తోడైంది. పుండులో చేరే సూక్ష్మజీవులు యాంటీబయాటిక్ మందులకు లొంగడం మానేస్తున్నాయి. మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా ఒకప్పుడు ఆస్పత్రి వార్డులకే పరిమితమై ఉండేది. ఇప్పుడది బయటి సమాజంలోనూ కనిపిస్తోంది. కొత్త యాంటీబయాటిక్‌ల రాక మాత్రం మందగించింది. ఈ పరిస్థితిలో పాత చికిత్సల వైపు శాస్త్రవేత్తల చూపు మళ్లడం సహజమే. ఆ పనిని పట్టుదలగా చేస్తున్న దేశాల్లో థాయ్‌లాండ్ ఒకటి. తరతరాలుగా గాయాలకు పూస్తున్న ఆకులు, బెరళ్లు, దుంపలు నిజంగా పుండును మాన్పుతాయా, లేక పుండు తనంతట తాను మానితే ఆ ఘనత ఆకుకు దక్కుతోందా అన్నది అక్కడి విశ్వవిద్యాలయాలు కొన్ని దశాబ్దాలుగా తేల్చే ప్రయత్నం చేస్తున్న ప్రశ్న.

జీవకుడి నుంచి జాతీయ ఔషధ జాబితా దాకా

థాయ్ సంప్రదాయ వైద్యులు తమ విద్యకు ఆదిగురువుగా కొలిచేది బుద్ధుని వైద్యుడైన జీవకుడిని. ఆయన విద్యాభ్యాసం గురించి బౌద్ధ వినయ పిటకంలో ఒక కథ ఉంది. తక్షశిల చుట్టూ యోజనం మేర తిరిగి, మందుగా పనికిరానిది ఏదైనా కనిపిస్తే తెమ్మని గురువు ఆదేశిస్తాడు. జీవకుడు వెతికి వెతికి వట్టి చేతులతో తిరిగి వస్తాడు. అలాంటిదేదీ తనకు దొరకలేదంటాడు. చదువు పూర్తయిందని గురువు సంతోషిస్తాడు. కథ అందమైనదే. అయితే నేటి పరిశోధకుడు ఇలాంటి జవాబు చెబితే చదువు అప్పుడే మొదలైందని అనాల్సి వస్తుంది. అన్నీ మందులే అయినప్పుడు ఏది దేనికి, ఎంత మోతాదులో, ఎవరికి అన్నవే అసలు ప్రశ్నలు.

భారతదేశం నుంచి బౌద్ధంతో పాటు వెళ్లిన వైద్య భావనలు, స్థానిక ప్రజల అనుభవం, చైనా వర్తకులు తెచ్చిన మందులు కలిసి థాయ్ వైద్యం రూపుదిద్దుకుంది. శరీరం పృథ్వి, జలం, వాయువు, అగ్ని అనే నాలుగు ధాతువుల కలయిక అని అది భావిస్తుంది. మన త్రిఫల అక్కడ కూడా దాదాపు అదే పేరుతో వాడుకలో ఉంది. బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయంలో మూడవ రామ చక్రవర్తి కాలంలో, 1831 నుంచి 1841 వరకు, వైద్యంతో సహా అనేక విద్యలను రాతి పలకలపై చెక్కించారు. అలాంటి 1,431 శాసనాలను యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. మందుల వంటకాలను రాతిపై చెక్కి గుడి గోడకు అమర్చడంలోని ఉద్దేశం స్పష్టం. వైద్యుని ఇంటి తాళపత్రాల్లో దాగి ఉండేదాన్ని చదవగలిగిన ప్రతివారి కళ్లెదుటా నిలపడమే అది.

ఇరవయ్యో శతాబ్దంలో పాశ్చాత్య వైద్యం ముందు ఈ విద్య వెనుకబడింది. 1978 నాటి ఆల్మా ఆటా ప్రకటన ప్రాథమిక ఆరోగ్య రక్షణలో సంప్రదాయ వైద్యానికి చోటు ఇవ్వాలని పిలుపునిచ్చిన తర్వాత థాయ్ ప్రభుత్వం మూలికలను మళ్లీ చేరదీసింది. నేడు ఆ దేశ అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో మూలికా మందులకు ప్రత్యేక విభాగమే ఉంది. గాయాలు మానడానికి పూసే సరస్వతి ఆకు క్రీము, మాంగోస్టీన్ పండు తొక్కతో చేసిన ద్రవం అందులో ఉన్నాయి. ఈ జాబితాలో చోటు దక్కిన మందును ప్రభుత్వ ఆస్పత్రి వైద్యుడు అధికారికంగా రాయవచ్చు. అందువల్ల ఏ ఆకు పనిచేస్తుంది అన్న ప్రశ్న అక్కడ కేవలం పాండిత్య చర్చ కాదు. ప్రజాధనం, రోగి క్షేమం రెండూ దానితో ముడిపడి ఉన్నాయి.

గాయం మానడం ఒక పని కాదు

చర్మం తెగిన క్షణం నుంచి శరీరం నాలుగు అంచెల్లో మరమ్మతు చేస్తుంది. మొదట రక్తం గడ్డకట్టి కారడం ఆగుతుంది. ఆ వెంటనే తెల్ల రక్తకణాలు చేరి సూక్ష్మజీవులను, చనిపోయిన కణజాలాన్ని తొలగిస్తాయి; వాపు, ఎరుపు, వేడి కనిపించేది ఈ దశలోనే. మూడో అంచెలో ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు కొల్లాజెన్‌ను నేస్తాయి, కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, అంచుల నుంచి పైచర్మం లోపలికి పాకుతుంది. పల్లె భాషలో కండ పట్టడం అనేది దీన్నే. చివరగా నెలల తరబడి ఆ కొల్లాజెన్ సర్దుకుని మచ్చ గట్టిపడుతుంది.

మధుమేహ రోగి పుండు సాధారణంగా రెండో అంచెలోనే చిక్కుకుపోతుంది. వాపు తగ్గదు, కండ పట్టదు. కాబట్టి ఒక మొక్క గాయాన్ని మాన్పుతుందని అన్నప్పుడు అది ఏ అంచెలో సాయపడుతుందో చెప్పకపోతే ఆ మాటకు అర్థం లేదు. రక్తాన్ని ఆపే ఆకు మానని పుండుకు నిరుపయోగం కావచ్చు. సూక్ష్మజీవులను చంపే ద్రవం అదే దెబ్బతో కొత్త కణాలను కూడా చంపవచ్చు. సంప్రదాయ వైద్యుడు ఒక్క మాటలో చెప్పే గుణాన్ని పరిశోధకులు ఇన్ని ముక్కలుగా విడదీసి పరీక్షించడానికి కారణం ఇదే.

పరీక్షకు ముందు మొక్క ఏదో తేలాలి. ఇది చిన్న విషయంగా తోస్తుంది గాని, మూలికా పరిశోధనలో ఎక్కువగా తడబడేది ఇక్కడే. సరస్వతి ఆకు అనే పేరు తెలుగునాట రెండు వేర్వేరు మొక్కలకు చెల్లుతుంది. గుండ్రని ఆకుతో నేల మీద పాకే మండూకపర్ణి ఒకటి, మందపాటి చిన్న ఆకుల బ్రాహ్మి మరొకటి. థాయ్ భాషలో మండూకపర్ణిని ‘బువా బోక్’ అంటారు. మెట్ట తామర అని అర్థం. అక్కడ దాని రసం వీధి బండ్లపై అమ్ముతారు. లోపలి దెబ్బలకు మంచిదని పేరు ఉండటంతో, ప్రేమలో దెబ్బతిన్నవారిని వెళ్లి ఒక గ్లాసు బువా బోక్ తాగమని స్నేహితులు ఆటపట్టిస్తారు. ఊరు మారితే పేరు మారుతుంది, పేరు ఒకటైనా మొక్క మారుతుంది. అందుకే పరీక్షించిన ప్రతి మొక్క నమూనాను ఎండబెట్టి, శాస్త్రీయ నామంతో, సేకరించిన చోటుతో సహా వృక్ష సంగ్రహాలయంలో భద్రపరచడం నియమం. రేపు ఎవరైనా సందేహిస్తే ఆ నమూనాను బయటకు తీసి చూడవచ్చు.

తర్వాతి మెట్టు సారం తీయడం. ఇంట్లో ఆకును నూరి పసరు తీస్తారు, లేదా నీళ్లలో కాచి కషాయం చేస్తారు. ప్రయోగశాలలో ఎక్కువగా ఆల్కహాల్‌లో నానబెట్టి, వడగట్టి, ఆవిరి చేసి ముద్దగా మారుస్తారు. నీటిలో కరిగే పదార్థాలు వేరు, ఆల్కహాల్‌లో కరిగేవి వేరు. మాంగోస్టీన్ తొక్కలోని ఆల్ఫా మాంగోస్టిన్ అనే పసుపుపచ్చ పదార్థం నీటిలో దాదాపు కరగదు. కాబట్టి ఆల్కహాల్ సారం బాగా పనిచేసిందని తేలినంత మాత్రాన, అవ్వ కాచిన కషాయం కూడా పనిచేస్తుందని రుజువైనట్టు కాదు. థాయ్ పల్లెల్లో మాంగోస్టీన్ ఎండు తొక్కను సాన మీద సున్నపు తేటతో అరగదీసి పుండ్లకు పూయడం ఆనవాయితీ. సున్నపు తేట క్షార స్వభావం గలది. మామూలు నీటికి లొంగని కొన్ని పదార్థాలు క్షారంలో కరుగుతాయి కాబట్టి, ఆ పాత పద్ధతి వెనుక ఏదో అనుభవసారం ఉండి ఉండవచ్చు.

గాజు పళ్లెంలో, ఎలుక వీపుపై

మొట్టమొదటి పరీక్ష సాధారణంగా సూక్ష్మజీవులపైనే. బ్యాక్టీరియా పెంచిన పళ్లెంలో సారం వేసి, ఎంత తక్కువ మోతాదుకు వాటి పెరుగుదల ఆగుతుందో కొలుస్తారు. బ్యాంకాక్‌లోని మహిడోల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. మొటిమలకు కారణమయ్యే బ్యాక్టీరియాపై వారు 19 థాయ్ మూలికలను పరీక్షించగా 13 మూలికలు ప్రభావం చూపాయి. అన్నింటిలోకి మాంగోస్టీన్ తొక్క సారం ముందు నిలిచింది. మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్‌పై కూడా ఆల్ఫా మాంగోస్టిన్ పనిచేస్తుందని తర్వాతి పరిశోధనలు చూపాయి.

దక్షిణ థాయ్‌లాండ్‌లోని హాట్ యాయ్ పట్టణంలో ఉన్న ప్రిన్స్ ఆఫ్ సోంగ్‌క్లా విశ్వవిద్యాలయం ఈ రంగంలో మరో ముఖ్య కేంద్రం. ఒక్కో మొక్కను విడిగా కాక, సంప్రదాయ వైద్యులు గాయాలకు వాడే మిశ్రమాలను ఉన్నవి ఉన్నట్టుగా పరీక్షించడం అక్కడి పరిశోధకుల ప్రత్యేకత. పసుపు, వక్క, బియ్యం, మాంగోస్టీన్ తొక్క కలిసిన ఒక మిశ్రమం వాటిలో ఒకటి. ఈ నాలుగింటిలో మూడు తెలుగువారి వంటింట్లోనో పూజ గదిలోనో ఉండేవే. మిశ్రమాన్ని పరీక్షించడం కష్టమైన పని. ఫలితం బాగుంటే ఏ దినుసు వల్ల వచ్చిందో తెలియదు, బాగా లేకపోతే ఏది చెడగొట్టిందో తెలియదు. అయినా వైద్యులు నిజంగా వాడేది మిశ్రమాన్నే కనుక ఆ పని తప్పదు. అదే విశ్వవిద్యాలయంలో రోజ్ మిర్టిల్ అనే పొద ఆకుల నుంచి వేరుచేసిన రోడోమిర్టోన్ అనే పదార్థం కూడా మొండి బ్యాక్టీరియాపై గట్టి ప్రభావం చూపింది. సూక్ష్మజీవి పైపొరను అది దెబ్బతీసే తీరు మామూలు యాంటీబయాటిక్‌లకు భిన్నంగా ఉన్నదని పరిశోధకులు గుర్తించారు.

రెండో రకం పరీక్షలు కణాలపై జరుగుతాయి. ఎలుక నుంచి వచ్చిన రోగనిరోధక కణాలను బ్యాక్టీరియా విషంతో రెచ్చగొట్టి, అవి విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ను సారం ఎంత తగ్గిస్తుందో చూస్తారు. తగ్గితే వాపును అదుపు చేసే గుణం ఉన్నట్టు లెక్క. మరో పరీక్ష చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. పళ్లెం నిండా పరచుకున్న ఫైబ్రోబ్లాస్ట్ కణాల మధ్య సన్నని గొట్టం మొనతో ఒక గీత గీస్తారు. ఆ ఖాళీని కణాలు ఇరువైపుల నుంచి పాకి ఎంత త్వరగా పూడ్చుతాయో గంటల లెక్కన ఫొటోలు తీస్తారు. సారం వేసిన పళ్లెంలో గీత ముందుగా పూడితే అది శుభసూచన.

శుభసూచనను ఫలితంగా పొరబడటం దగ్గరే చిక్కు వస్తుంది. పళ్లెంలో రక్తప్రసారం లేదు, చీము లేదు, బరువు మోపే పాదం లేదు. కొన్ని పదార్థాలు పరీక్షనే మోసగిస్తాయి కూడా. పసుపులోని కర్క్యుమిన్ ఇందుకు పేరుమోసింది. తన రంగుతో, వెలుగును విరజిమ్మే గుణంతో, ప్రోటీన్లకు ఎడాపెడా అంటుకునే స్వభావంతో అది లేని ప్రభావాన్ని ఉన్నట్టు చూపగలదని ఔషధ రసాయన శాస్త్రజ్ఞులు 2017లో ఒక విపుల సమీక్షలో హెచ్చరించారు. పసుపుపై వెలువడిన వేలాది పరిశోధనల్లో ఎన్ని ఈ ఉచ్చులో పడ్డాయో లెక్కించడం కష్టం. పసుపు పనికిరాదని దీని అర్థం కాదు. పళ్లెంలోని పరీక్ష ఒక్కటే చాలదని మాత్రమే అర్థం.

తర్వాత జంతువులు. ఎలుక వీపుపై మత్తు కింద కొలిచిన పరిమాణంలో చర్మం తొలగించి, రోజూ పుండు వైశాల్యాన్ని నమోదు చేస్తారు. కోసి కుట్టిన గాయమైతే, మానిన తర్వాత ఆ చర్మాన్ని లాగి ఎంత బలానికి విడిపోతుందో చూస్తారు. మధుమేహం తెప్పించిన ఎలుకల్లోనూ ఇదే ప్రయోగం చేస్తారు. ఇక్కడ అంతగా ప్రచారంలోకి రాని ఒక వాస్తవం ఉంది. ఎలుక చర్మం కింద మనుషుల్లో దాదాపు లేని ఒక పలుచని కండరపు పొర ఉంటుంది. అది ముడుచుకోవడం వల్ల ఎలుక గాయం సంచి మూతిని తాడుతో బిగించినట్టు మూసుకుపోతుంది. మనిషి గాయం ప్రధానంగా కండ పట్టి, పైచర్మం పాకి మానుతుంది. అందువల్ల ఎలుకలో వేగంగా మూసుకున్న గాయం మనిషి విషయంలో చెప్పేది తక్కువే. ఈ లోపాన్ని సరిదిద్దడానికి కొందరు గాయం చుట్టూ ఉంగరం లాంటి చట్రాన్ని కుట్టి ముడుచుకోకుండా ఆపుతారు. మూలికలపై వచ్చే ఎలుక పరిశోధనల్లో ఆ జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నది మొట్టమొదట చూడవలసిన అంశం.

మనుషులపై తేలిందేమిటి?

అసలు పరీక్ష రోగి శరీరంపైనే. థాయ్ వైద్యులు 1995లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చర్మం పాక్షిక లోతు వరకు కాలిన 27 మంది రోగులకు కలబంద గుజ్జును, వాజలిన్ పూసిన గాజు గుడ్డను పోల్చి చూశారు. కలబంద వాడిన గాయాలు సగటున 11.89 రోజుల్లో, వాజలిన్ గుడ్డ వేసినవి 18.19 రోజుల్లో మానాయి. కలబందను థాయ్‌లో ‘మొసలి తోక’ మొక్క అని పిలుస్తారు. ఆకు అంచుల ముళ్లను చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. థాయ్ పరిశోధకులే 2007లో కాలిన గాయాలపై జరిగిన నాలుగు అధ్యయనాలను, మొత్తం 371 మంది రోగుల వివరాలను క్రోడీకరించి, కలబంద వల్ల గాయం మానే కాలం దాదాపు తొమ్మిది రోజులు తగ్గిందని లెక్కగట్టారు.

ఇంతవరకు చదివితే కలబంద విజయం ఖాయమైనట్టే తోస్తుంది. అయితే 1991లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం వేరే కథ చెబుతుంది. శస్త్రచికిత్స తర్వాత కుట్లు విడిపోయి తెరుచుకున్న గాయాలున్న మహిళలపై కలబంద జెల్‌ను పరీక్షించగా, మామూలు చికిత్స పొందినవారికి సగటున 53 రోజులు పడితే, కలబంద వాడినవారికి 83 రోజులు పట్టింది. మందు ఆలస్యానికి కారణమైంది. పైపైన కాలిన చర్మం వేరు, లోతుగా తెరుచుకున్న శస్త్రచికిత్స గాయం వేరు. తక్షణ, దీర్ఘకాలిక గాయాలపై కలబంద ప్రయోగాలను 2012లో పరిశీలించిన కోక్రేన్ సమీక్ష, 347 మందిపై జరిగిన ఏడు అధ్యయనాలు మాత్రమే లెక్కకు నిలిచాయని, వాటి నాణ్యత కూడా నిర్ధారణకు చాలదని తేల్చింది.

పోల్చిన చికిత్స ఏమిటన్నది కూడా ముఖ్యమే. తడిగా ఉంచిన గాయం ఆరబెట్టిన గాయం కంటే దాదాపు రెట్టింపు వేగంతో పైచర్మం కట్టుకుంటుందని జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త 1962లో పందులపై చేసిన ప్రయోగంతో నిరూపించారు. కలబంద గుజ్జులో అత్యధిక భాగం నీరే. అప్పుడు గాయాన్ని మాన్పింది కలబందలోని గుణమా, కేవలం తేమా? దీన్ని తేల్చాలంటే మందు లేని మరో జెల్‌తో పోల్చాలి. మూలికా పరీక్షల్లో ఇలాంటి సరైన జత కుదర్చడం అంత తేలిక కాదు. ఆకు పసరుకు రంగు, వాసన ఉంటాయి; తనకు దక్కింది అసలు మందో కాదో రోగి, వైద్యుడు ఇద్దరూ ఇట్టే పసిగట్టగలరు.

మండూకపర్ణి విషయంలో ఆధారం కొంత గట్టిగా ఉంది. అందులోని ఏషియాటికోసైడ్ అనే పదార్థాన్ని 1941లోనే మడగాస్కర్ మొక్కల నుంచి వేరుచేశారు. కుష్ఠు రోగుల పుండ్లపై తొలి వాడకం కూడా అక్కడే. కొల్లాజెన్ తయారీని అది ప్రోత్సహిస్తుందని కణాలపై, జంతువులపై జరిగిన పరీక్షలు చెబుతున్నాయి. థాయ్‌లాండ్‌లో 200 మంది మధుమేహ రోగులపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మండూకపర్ణి సారాన్ని గుళికల రూపంలో తీసుకున్నవారి పుండ్లు ఉత్తుత్తి గుళికలు తీసుకున్నవారి కంటే మెరుగ్గా ముడుచుకున్నాయి. తీవ్ర దుష్ప్రభావాలేవీ నమోదు కాలేదు. ఇది ఆశ కలిగించే ఫలితం. మరిన్ని ఆస్పత్రుల్లో, మరింత ఎక్కువ కాలం, పాదం తొలగించవలసి రావడం తగ్గిందా అన్న ప్రశ్నతో మళ్లీ చేసి చూడవలసిన అధ్యయనం కూడా. మరోవైపు, ఇదే మొక్క క్రీముల వల్ల కొందరికి చర్మంపై దద్దుర్లు, దురద వచ్చిన ఉదంతాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. మొక్క నుంచి వచ్చినది కనుక హాని చేయదన్న వాదన నిలవదు.

తొందరపాటు ఎక్కడికి దారితీస్తుందో థాయ్ అధికారులకు స్వానుభవమే. కోవిడ్ రోజుల్లో నేలవేము సారాన్ని ఆ దేశం విస్తృతంగా వాడింది. న్యుమోనియా రాకుండా అది ఆపుతుందంటూ ముందస్తుగా విడుదలైన ఒక పరిశోధన పత్రాన్ని గణాంకాల్లో పొరపాటు బయటపడటంతో 2021లో రచయితలే ఉపసంహరించుకున్నారు. లెక్క తప్పిందని ఒప్పుకోవడం వారి నిజాయితీకి నిదర్శనమే. ఆ లోగానే వార్త ఊరూరా చేరిపోయింది.

కలుపు మొక్క సంప్రదాయమెలా అయింది?

థాయ్ పల్లెల్లో కొడవలి తెగితే రైతు చేయి మొదట చాచేది ‘సాప్ సువా’ అనే మొక్క వైపు. దాని లేత ఆకులను నలిపి గాయంపై అదిమితే నెత్తురు ఆగుతుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే జన్యువుల చురుకుదనాన్ని ఈ ఆకు సారం పెంచుతుందని థాయ్ శాస్త్రవేత్తలు కణాలపై చేసిన పరీక్షల్లో గమనించారు. వియత్నాంలోనూ గాయాలకు ఇదే మొక్కను వాడతారు. ఇంతకీ దీని పుట్టిల్లు ఆసియా కానే కాదు, అమెరికా ఖండపు ఉష్ణమండలం. పందొమ్మిదో శతాబ్దంలో ఇటు వచ్చి, ఆగ్నేయాసియా అంతటా అల్లుకుంది. మన పశ్చిమ కనుమల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో అడవిని కమ్మేస్తున్న కలుపు ఇదే. సియామ్ కలుపు అన్న పేరు కూడా ఉంది.

అంటే మహా అయితే వంద, నూట యాభై ఏళ్ల సంప్రదాయం. తెలుగునాట గట్ల మీద పసుపు, తెలుపు కలిసిన చిన్న పూలతో కనిపించే గడ్డిచామంతి కథ కూడా అచ్చంగా ఇదే. గాయానికి పిండే పసరు కాబట్టి కొన్ని ప్రాంతాల్లో దాన్ని గాయపాకు అనే పిలుస్తారు. దాని స్వస్థలం కూడా అమెరికా ఖండమే. సంప్రదాయ వైద్యం రాతిపై చెక్కిన మాట మాత్రమే కాదని, కొత్తగా వచ్చిన కలుపును సైతం పరీక్షించి చేర్చుకునే సజీవ విద్య అని ఈ రెండు మొక్కలు చెబుతున్నాయి. ప్రాచీనత్వాన్నే ప్రమాణంగా చూపేవారికి ఇది కాస్త ఇబ్బంది కలిగించే వాస్తవం.

ఫలితం ఎవరి సొత్తు?

పరీక్షలో నెగ్గిన మొక్కపై హక్కు ఎవరిదన్నది మరో తగవు. గాయాలకు పసుపు వాడకంపై అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో పేటెంట్ దక్కడం, భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలను సాక్ష్యంగా చూపి 1997లో దాన్ని రద్దు చేయించడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ చేదు అనుభవం నుంచే 2001లో మన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం పుట్టింది. థాయ్‌లాండ్ గాయం ‘ప్లావ్ నోయి’ అనే చెట్టుది. ఆ దేశపు జానపద వైద్యంలో వాడే ఈ చెట్టు ఆకుల నుంచి ఒక జపాన్ ఔషధ సంస్థ కడుపులోని పుండ్లకు మందు తయారుచేసి పేటెంట్ పొందింది. ఆకులు థాయ్ తోటల్లో పెరిగాయి. మందు మీద హక్కు జపాన్‌లో ఉండిపోయింది.

ఆ తర్వాత 1999లో థాయ్‌లాండ్ సంప్రదాయ వైద్య విజ్ఞాన పరిరక్షణకు ప్రత్యేక చట్టం చేసింది. వైద్య యోగాలను జాతీయ, సాధారణ, వ్యక్తిగత యోగాలని మూడుగా విభజించి, జాతీయ యోగాల వాణిజ్య వినియోగానికి అనుమతిని తప్పనిసరి చేసింది. జన్యు వనరులు, సంప్రదాయ విజ్ఞానం ఆధారంగా పేటెంట్ కోరేవారు వాటి మూలాన్ని వెల్లడించాలనే అంతర్జాతీయ ఒప్పందం ప్రపంచ మేధో సంపత్తి సంస్థలో 2024 మే నెలలో ఆమోదం పొందింది. ప్రయోగశాలకు మొక్క పేరు, వాడే తీరు చెప్పిన పల్లె వైద్యునికి ఇందులో వాటా ఎంత అన్నది మాత్రం ఏ చట్టమూ పూర్తిగా తేల్చలేదు.

ప్రయోగశాలలో నెగ్గిన సారానికి, దొడ్లో కోసిన ఆకుకు మధ్య దూరాన్ని సామాన్యులు గుర్తించడం అవసరం. ప్రయోగశాల సారం వడగట్టినది, కొలిచినది, సూక్ష్మజీవులు లేనిది. దొడ్లోని ఆకుకు మట్టి అంటి ఉంటుంది; ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉండేది ఆ మట్టిలోనే. తెగిన గాయాన్ని ముందుగా శుభ్రమైన నీటితో కడగాలని, ధనుర్వాత టీకా సంగతి చూసుకోవాలని వైద్యులు చెప్పేది అందుకే. మధుమేహం ఉన్నవారు పాదంపై చిన్న పుండు కనిపించినా ఇంటి వైద్యంతో రోజులు గడపకుండా ఆస్పత్రికి వెళ్లాలి. పుండుపై బరువు పడకుండా చూడటం, చచ్చిన కణజాలాన్ని తొలగించడం, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచడం అన్న మూడింటికీ ఏ ఆకూ ప్రత్యామ్నాయం కాదు. పైపైన కాలిన చిన్న గాయానికి కలబంద వాడే పక్షంలో, ఆకు కోసిన చోట కారే పసుపుపచ్చని జిగురును బాగా కడిగివేసిన తర్వాతే లోపలి తెల్లని గుజ్జును వాడాలని థాయ్ ప్రాథమిక ఆరోగ్య శిక్షణ పుస్తకాలు ప్రత్యేకంగా చెబుతాయి. చర్మాన్ని మండించే గుణం ఆ జిగురుదే.